బి.డి. చదివిన ఆరేళ్లకు: హీబ్రూ క్లాసు గురించి

బి.డి. అంటే పాస్టర్లు కావాలనుకునేవాళ్లు చదివే దైవశాస్త్ర డిగ్రీ. బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీ పట్టా విలువ, పట్టాలిచ్చే హక్కు ఆ కాలేజీకి కల్పిస్తూ 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన శాసనం, ఇవన్నీ బి.డి.లో చేరాలనుకునే వాళ్లకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అందులో చెప్పే క్రైస్తవ సంఘ చరిత్ర గురించీ మతాల అధ్యయనం గురించీ నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆరేళ్లుగా ఒక పల్లె సంఘంలో, అంటే చర్చిలో, పాస్టరుగా సేవ చేస్తున్నాను. ఇప్పటికీ వాక్యం (ప్రసంగం) సిద్ధం చేసుకునే ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది హీబ్రూ క్లాసే. బైబిల్ పాత నిబంధన మూలభాష అది.

మొదటి మూడు నెలలు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. డిగ్రీ దాకా తెలుగు మీడియం. సగమే వచ్చిన ఇంగ్లీషులో, అసలు రాని హీబ్రూ నేర్చుకోవాలి. అక్షరాలు 22, కుడి నుంచి ఎడమకు చదవాలి, కిందా పైనా చుక్కలు, గీతలు. ఆ చుక్కలు మన గుడి, కొమ్ము లాంటివేనని తట్టిన రోజు నుంచి చదవడం వచ్చింది. హీబ్రూకీ గుణింతం ఉందనుకున్నాను. భయం పోయింది.

రెండో ఏడు బైబిల్లోని 23వ కీర్తన హీబ్రూలో చదివాం. మా నాయనమ్మకు చదువు రాదు, కానీ ఆ కీర్తన కంఠతా వచ్చు. "కృపాక్షేమములే నా వెంట వచ్చును" అని ఆమె చెబుతుంటే, పొలం నుంచి ఇంటికొచ్చేటప్పుడు మా వెనకే నెమ్మదిగా నడిచొచ్చే దూడ నా కళ్లముందు మెదిలేది. క్లాసులో ఆ "వెంట వచ్చును" అనే క్రియను విడదీశాం. ధాతువు రాదఫ్. నిఘంటువులో అర్థం: తరుముట, వెంటాడుట. బైబిల్లోనే నిర్గమకాండం 14లో ఐగుప్తు రాజు ఫరో రథాలతో ఇశ్రాయేలీయులను తరిమిన చోటా ఇదే ధాతువు. నమ్మలేక రెండు పేజీలూ మార్చి మార్చి చూశాను. కృప దూడలా వెనకాల రావడం కాదు, పారిపోయేవాణ్ణి తరుముకుంటూ రావడం! ఆ ఒక్క గంట కోసం నాలుగేళ్లు చదవొచ్చని ఆ రోజే మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆ తర్వాత చాలామందికి అదే మాట చెప్పాను.

ఇప్పుడైతే ఆ మాట అంత గట్టిగా చెప్పను. సేవలోకి వచ్చిన మొదటి ఏడే మా సంఘంలో ఒక కుర్రాడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో నేను ఈ క్రియ గురించే చెప్పాను, బాగా చెప్పాననే అనుకున్నాను. కూడిక అయ్యాక వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి, "తరుముకుంటూ వస్తుందన్నారు కదా అయ్యగారూ, మరి ఆ రాత్రి నా బిడ్డను ఎందుకు అందుకోలేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చాప మీద ఆమె పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

కౌన్సెలింగ్ పేపర్ మాకూ ఉంది, అందులో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆదివారాలు సంఘాలకు కూడా పంపేవారు. కానీ అక్కడ నాకు సండే స్కూలు, పాటలు, ఎప్పుడైనా చిన్న వాక్యం, అంతే దొరికేవి. ఆ నాలుగేళ్లలో ఒక్క చావింట్లో కూడా పెద్ద అయ్యగారి వెనక నిలబడి చూసే అవకాశం రాలేదు. ఈ లోటు నాకింకా బాధగానే ఉంది. మా తర్వాతి బ్యాచ్‌లకు మారిందేమో.

అయినా చేరమనే అంటాను. కాకపోతే నా ఫీజు మా సంఘమే కట్టింది, అప్పటికి నాకు పెళ్లి కాలేదు, ఇంటి బరువు అన్నయ్య మోశాడు. భార్యాపిల్లలున్నవాళ్లు ముందు క్వార్టర్స్ ఇస్తారో లేదో కనుక్కోండి. హీబ్రూ, గ్రీకుల్లో ఏది తీసుకోవాలని అడిగితే హీబ్రూ అనే చెబుతాను. సెలవుల్లో మాత్రం మీ ఊరి పాస్టరు అయ్యగారితో పాటు చావు జరిగిన ఇళ్లకు వెళ్లండి. ఆ తల్లి ఇప్పటికీ నేను గృహదర్శనానికి వెళ్తే 23వ కీర్తనే చదవమంటుంది. ఆ క్రియ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గిపోతుంది.