మెయిన్ కూనా, రాగ్‌డాలా?

ఒత్తుగా జుట్టున్న పెద్ద పిల్లి, మనుషులంటే ప్రాణం పెట్టేది కావాలనుకునేవాళ్లు చాలామంది ఈ రెండు జాతుల దగ్గరే తేల్చుకోలేక ఆగిపోతారు.

పుట్టిల్లు: మెయిన్ కూన్‌ది అమెరికాలో మంచు కురిసే మెయిన్ రాష్ట్రం. 1985లో ఆ రాష్ట్ర అధికారిక పిల్లి అయింది. రాగ్‌డాల్‌ని 1960లలో కాలిఫోర్నియాలో యాన్ బేకర్ రూపొందించారు.

తీరు: మెయిన్ కూన్ మీ వెనకే గది గదికీ తిరుగుతుంది, పిట్టలా కిచకిచమంటూ పలకరిస్తుంది. ఒళ్లో కూర్చోవడం మాత్రం దానికి తోచినప్పుడే. రాగ్‌డాల్‌ని ఎత్తుకుంటే గుడ్డబొమ్మలా వాలిపోతుంది. ఆ పేరు అందుకే.

శ్రమ: మెయిన్ కూన్‌కి చంకల్లో, తొడల వెనక జుట్టు ఉండ కడుతుంది. లాగకూడదు. ముందు వేళ్లతో విడదీసి, కొసల దగ్గర మొదలుపెట్టి, మెల్లగా కుదుళ్ల వైపు జరుగుతూ దువ్వాలి. రాగ్‌డాల్‌కి లోపలి ఉన్ని తక్కువ, పని కాస్త తేలిక.

ఖర్చు: రెండూ ఖరీదే. తిండి, మలమూత్రాల ఇసుక ట్రే, ఎక్కే స్తంభం, అన్నీ పెద్దవే కావాలి.

ముప్పు: గుండె కండరం మందమయ్యే జబ్బు రెండు జాతుల్లోనూ ఉంది. తల్లిదండ్రుల జన్యు పరీక్ష రిపోర్టు చూపించని చోట దయచేసి కొనకండి. రిపోర్టు బాగున్నా, ఎకో పరీక్ష (గుండెకి చేసే స్కానింగ్) గురించి పశువుల డాక్టరుని అడగండి.

పిల్లలు, కుక్క, సందడి ఉన్న ఇంటికి నేనైతే మెయిన్ కూన్ అంటాను. ప్రశాంతమైన ఫ్లాట్‌లో, పగలంతా ఇంట్లో ఉండే పెద్దవాళ్లకి రాగ్‌డాల్. మన మే నెల ఎండల్లో చల్లటి గది లేకపోతే మాత్రం రెండూ వద్దు.