న్యూస్ ప్యాక్ తీసుకునేవాళ్లు జాగ్రత్త: డబ్బు కట్టేది వార్తలకి, చూపించేది తమాషా

ఏడాదికి ఒకేసారి డబ్బు కట్టి తెలుగు న్యూస్ ప్యాక్ తీసుకుందామనుకుంటున్నవాళ్లు ముందు ఇది చదవండి. 2024 ఆగస్టులో నేను తీసుకున్నాను. "న్యూస్ చానెళ్లన్నీ ఇందులోనే వచ్చేస్తాయి మేడమ్, ఏడాదికి కట్టేస్తే మీకే లాభం" అన్నాడు మా కేబుల్ అబ్బాయి. సరేనని కట్టేశాను.

నెల తిరిగిందో లేదో, సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. మా అక్కా బావా అక్కడే, మొదటి అంతస్తులో ఉన్నారు. ఫోన్లు కలవడం లేదు. కూకట్‌పల్లిలో నేను టీవీ ముందు నుంచి లేవలేదు. నాకు కావలసినవి మూడే ముక్కలు: నీళ్లు ఇంకా పెరుగుతున్నాయా, పడవలు ఎటువైపు నుంచి వెళ్తున్నాయి, ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి.

నేను పెట్టుకున్న చానెల్లో ఆ మూడూ రాలేదు. సినిమాలో విలన్ వచ్చేటప్పుడు వేసే లాంటి సంగీతం, తెర నిండా ఎర్ర పట్టీలు. పడవలో జనాన్ని ఎక్కిస్తున్న దృశ్యం వేసి మూలన 'లైవ్' అని రాశారు. నెత్తిన నీలం బకెట్ పెట్టుకుని నడుస్తున్న ఒకాయన అందులో కనిపించాడు. పది నిమిషాలకు మళ్లీ అదే బకెట్, అదే నడక. గంటన్నరలో ఆయన్ని తొమ్మిది సార్లు చూశాను. ఎప్పుడో పొద్దున తీసిన ముక్కను నాకు లైవ్ అని చూపిస్తున్నారని అప్పటికి అర్థమైంది. కడుపు రగిలిపోయింది.

ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద ఇన్ని లక్షల క్యూసెక్కులని పెద్ద పెద్ద అక్షరాలతో వేశారు. అది కృష్ణా నది లెక్క. సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు. ఆ తేడా విడమరిచి చెప్పే మనిషి ఒక్కడు కూడా ఆ స్టూడియోలో లేడు. చీకటి పడేసరికి ఇద్దరు నాయకుల్ని కూర్చోబెట్టి ఈ పాపం ఎవరిదని పోట్లాట పెట్టారు. అక్క క్షేమంగా ఉందన్న కబురు మర్నాడు పక్క వీధి కుర్రాడి వాట్సాప్‌లో వచ్చింది.

ఇది ఒక్క రోజు పొరపాటని అనుకోకండి. 2018లో శ్రీదేవి పోయినప్పుడు ఒక విలేకరి బాత్‌టబ్‌లో పడుకుని చూపించడం మనమంతా చూశాం. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరుగుతుంటే చానెళ్లు స్టూడియోల్లో సైరన్ మోతలు వేసుకున్నాయి. నిజంగా సైరన్ మోగినా జనం పట్టించుకోకుండా పోతారని, ఆ మోతలు ఆపమని చివరికి కేంద్రమే చెప్పాల్సి వచ్చింది. ప్రకటనల డబ్బంతా రేటింగుల వెంట నడుస్తుంది. రేటింగు లెక్క మనం ఎంతసేపు చూశామన్నదే చూస్తుంది, చూసి ఏం తెలుసుకున్నామన్నది దానికి అక్కర్లేదు.

అందుకని, కట్టే ముందు అడగండి. తెలుగు న్యూస్ చానెళ్లలో చాలావరకు ఫ్రీ చానెళ్లే. అలాంటప్పుడు ప్యాక్ పేరుతో పైన తీసుకునే డబ్బు దేనికి? 2019 నుంచి ట్రాయ్ (టీవీ, ఫోన్ సేవలను నియంత్రించే కేంద్ర సంస్థ) నిబంధనల ప్రకారం కావలసిన చానెల్‌ను విడిగా ఎంచుకునే హక్కు మనకుంది. అన్నీ కలిపితేనే ఇస్తామంటే ఒప్పుకోకండి. ముందు వారం రోజులు యూట్యూబ్‌లో ఉచితంగా చూడండి. ఒక పది నిమిషాలు మ్యూట్ చేసి చూడండి. ఊరు, సమయం, విలేకరి పేరు తెరమీద కనబడుతున్నాయా, పాత దృశ్యమైతే పాతదని రాస్తున్నారా? నేను ఈ పరీక్ష పెట్టిన నాలుగింటిలో ఒక్కటి నిలబడింది.

ఇప్పటికే కట్టేసినవాళ్లు తేదీ, సమయం రాసుకుని, తెర ఫోటో తీసి చానెల్‌కే ఫిర్యాదు పంపండి. 2021లో వచ్చిన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆ చానెల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు, అంటే చానెళ్లు తమ తప్పులు చూసుకోడానికి తామే పెట్టుకున్న సంఘానికి, వెళ్లొచ్చు. నా ఫిర్యాదుకు అందిందన్న మాట కూడా రాలేదు. ప్యాక్ మధ్యలో ఆపితే డబ్బు వెనక్కి ఇవ్వం అన్నారు. కట్టే రోజు ఆ సంగతి నేను అడగలేదు, మీరు అడిగి కాగితం మీద రాయించుకోండి.

అక్క కేబుల్ తీయించేసింది. బ్యాటరీలతో నడిచే రేడియో కొనుక్కుని, పొద్దున్నే విజయవాడ కేంద్రం ప్రాంతీయ వార్తలు పెట్టుకుని వంట చేసుకుంటోంది.