పన్నెండేళ్లలో మూడు టామ్‌క్యాట్‌లు: 1/48 కిట్లపై దీర్ఘకాల సమీక్ష

ప్లాస్టిక్ ముక్కలను అతికించి బొమ్మ కట్టుకునే మోడల్ కిట్ల సమీక్షలు చాలావరకు పెట్టె తెరిచిన వారంలోనే రాస్తారు. ముక్కలెన్ని ఉన్నాయో లెక్కపెట్టి, విమానపు రేకుల అతుకులను చూపే ప్యానెల్ గీతలు ఎంత సన్నగా ఉన్నాయో చూసి, రెండు ముక్కలను జిగురు లేకుండా ఆనించి తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పును నమ్మి కిట్టు కొన్నవాడు మాత్రం ఆ బొమ్మతో ఏళ్ల తరబడి ఒకే గదిలో ఉండాలి. నా అద్దాల బీరువాలోనూ బీరువా పైనా కలిపి అమెరికా నౌకాదళపు ఒకప్పటి యుద్ధ విమానమైన గ్రమ్మన్ ఎఫ్-14 టామ్‌క్యాట్‌లు మూడున్నాయి. ఒకటి 2014లో పూర్తిచేసిన, జపాన్ సంస్థ హసెగావా వారి ఎఫ్-14ఎ, రెండోది 2016లో మరో జపాన్ సంస్థ టమియా కొత్త అచ్చులతో తెచ్చిన ఎఫ్-14ఎ, మూడోది అదే సంస్థ 2022లో విమానవాహక నౌక డెక్కు ముక్కతో సహా విడుదల చేసిన ఎఫ్-14ఎ చివరి రకం. మూడూ 1/48 కొలతలోవే, అంటే అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు. ఇన్నేళ్లు గడిచాక వీటిలో ఏది ఎలా నిలిచిందో, మళ్ళీ కొనాల్సి వస్తే దేన్ని ఎందుకు కొంటానో ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగరీత్యా నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్న రోజుల్లో, 2013లో, అలమీడాలో మ్యూజియంగా మార్చిన యూఎస్ఎస్ హార్నెట్ నౌకపై మొదటిసారి ఈ విమానాన్ని దగ్గరగా చూశాను. బొమ్మల్లో చూసినప్పుడు తెలియని సంగతి ఒకటి ఆ రోజు తెలిసింది. దీనికి మామూలు అర్థంలో మొండెమే లేదు. ముందు సన్నని మెడ, దాని వెనుక ఎడంగా పెట్టిన రెండు ఇంజిన్లు, ఆ రెంటినీ కలుపుతూ పందిరిలా పరిచిన చదునైన వీపు. ఏ కిట్టునైనా తూచడానికి నాకు దొరికిన తూకపురాయి ఆ మెడకూ వీపుకూ మధ్యనున్న సంధే. అక్కడ గెలిచిన కిట్టు మిగతా చోట్ల కొంచెం తడబడినా క్షమించవచ్చు.

ముందు కొలత సంగతి తేల్చుకోవాలి. అసలు విమానం పొడవు సుమారు 19.1 మీటర్లు, రెక్కలు పూర్తిగా చాచితే వెడల్పు సుమారు 19.5 మీటర్లు, వెనక్కి మడిస్తే 11.6 మీటర్లు. అంటే 1/48లో పొడవు దాదాపు 40 సెంటీమీటర్లు, చాచిన రెక్కలు 41 సెంటీమీటర్లు, మడిచినవి 24 సెంటీమీటర్లు అవుతాయి. 1/72లో పొడవు 26 సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటుంది కాబట్టి చిన్న ఇళ్ళవారికి అదే మేలు. 1/32లో అరవై సెంటీమీటర్లకు చేరుతుంది, దానికి బీరువా కాదు, విడిగా ఒక బల్ల కావాలి. కొనే ముందు టేపుతో అరను కొలవమని నేను చెబితే నవ్వుకునేవారుంటారు. నేను కొలవలేదు కాబట్టే నా మూడో విమానం ఈ రోజుకీ బీరువా పైన దుమ్ము తింటోంది.

హసెగావా కిట్టు 1980ల చివరి నాటిది. ఆ కాలపు కిట్లలో దీని ప్యానెల్ గీతలు ఈ రోజుకీ గౌరవించదగినవే, ముక్కు నుంచి తోక వరకు ఆకృతి కూడా చక్కగా ఉంటుంది. అయితే ఒకే అచ్చుల కుటుంబం నుంచి ఎ, బి, డి రకాలన్నీ తీయడానికి వీలుగా ముందు భాగాన్ని వెనుక భాగం నుంచి వేరుచేసి పోశారు కాబట్టి, నేను తూకపురాయి అన్న ఆ సంధి దగ్గరే కట్టేవాడి సహనానికి పరీక్ష ఎదురవుతుంది. ఇది మోడల్ కట్టేవారందరికీ తెలిసిన విషయమే, నాకూ ముందే తెలుసు. తెలిసీ నేను చేసిన తప్పు ఏమిటంటే, సూచనల పత్రంలో ఉన్న వరుసలోనే ముందు భాగాన్ని పూర్తిగా మూసి, వెనుక భాగాన్ని పూర్తిగా మూసి, ఆ తరువాత రెంటినీ కలపడం. అలా కలిపితే తేడా చుట్టూ పరుచుకుంటుంది. పైభాగపు ముక్కలను ముందుగా ఒకదానితో ఒకటి సమం చేసి అతికించి, మిగిలిన మెట్టునంతా అడుగు భాగానికి నెట్టి, అక్కడ సన్నని ప్లాస్టిక్ రేకు దూర్చి అరగదీస్తే పని సగానికి తగ్గుతుందని నాకు తరువాత తెలిసింది.

ఆ సంధిని నేను పుట్టీతో నింపి, రెండు రోజులకే ఎమిరీ పేపరు పట్టి, ఆ వారాంతమే రంగు వేశాను. అప్పటికి గాజులా నున్నగా ఉంది. మూడేళ్ల తరువాత ఒక సాయంత్రం కిటికీ నుంచి ఏటవాలుగా వెలుతురు పడినప్పుడు మెడ చుట్టూ తాడు కట్టినట్టు సన్నని గాడి కనబడింది. ద్రావకం ఉన్న పుట్టీ ఆరుతూ ఆరుతూ నెలల తరబడి కుంగుతుంది. మందంగా వేస్తే మరీ ఎక్కువ. తప్పు కిట్టుది కాదు, నా తొందరది. కాని ఏ కిట్టుకు పుట్టీ ఎక్కువ కావాలో ఆ కిట్టు మీదే ఇలాంటి తప్పులు ఎక్కువగా జరుగుతాయి. పెట్టె తెరిచిన వారంలో రాసే సమీక్షలో ఈ మాట ఉండే అవకాశం లేదు.

2017లో టమియా కిట్టు చేతికి వచ్చింది. ఇది మరో తరం. అతుకులు చాలావరకు అసలు విమానపు ప్యానెల్ గీతల మీదనో, చూపు పడని మూలల్లోనో పడేలా ముక్కలను విడగొట్టారు. మెడకూ వీపుకూ మధ్య సంధిలో నేను వాడిన పుట్టీ అగ్గిపుల్ల తలంత కూడా లేదు. హసెగావాకు నాకు ఏడు నెలల సాయంత్రాలు పట్టగా, దీనికి రంగుతో కలిపి పది వారాలు పట్టింది. ఇన్నేళ్లు గడిచినా ఎక్కడా గాడి పడలేదు. ఇద్దరు సిబ్బంది బొమ్మలు పెట్టెలోనే వస్తాయి. హసెగావా జెట్ కిట్లు చాలావాటికి క్షిపణులు విడిగా కొనుక్కోవడం మోడల్ కట్టేవారికి అలవాటైన ఖర్చే కాగా, టమియా పెట్టెలో ఫీనిక్స్ క్షిపణులతో సహా తగినన్ని ఉన్నాయి. ధర చూసి వెనుకాడేవారు ఆ విడి ఖర్చులను కూడా కూడి చూసుకోవాలి.

ఇంత పొగిడాక ఒక లోటు చెప్పాలి. ఈ 2016 కిట్టులో ఫ్లాపులు, అంటే రెక్క వెనుక అంచున కిందికి దిగే పలకలు, రెక్క ముందంచు పలకలు కూడా మూసిన స్థితిలోనే ఉంటాయి. దించి చూపాలంటే కోసి, చెక్కి, సొంతంగా చేసుకోవాలి. మొదట్లో ఇది నాకు పెద్ద లోటుగా తోచింది. తరువాత ఆలోచిస్తే, నౌక మీద నిలిపి ఉంచిన టామ్‌క్యాట్ చోటు కలిసిరావడానికి రెక్కలను బాగా వెనక్కి లాక్కుని ఉంటుంది. గాలిలో 20 నుంచి 68 డిగ్రీల వరకు కదిలే రెక్క డెక్కు మీద 75 డిగ్రీల వరకు వెనక్కి పోతుంది. ఆ స్థితిలో ఫ్లాపులు దిగవు. కాబట్టి రెక్కలు మడిచి పెట్టాలనుకునేవారికి ఈ లోటు లోటే కాదు, చాచి పెట్టాలనుకునేవారికి మాత్రం నిజంగా లోటే. కొనే ముందు రెక్కలు ఎలా పెడతారో నిర్ణయించుకోండి అని నేను అనేది ఇందుకే.

రెక్కలు కదులుతాయన్న ఆకర్షణ గురించి కూడా ఒక మాట. ఈ కిట్లలో కట్టిన తరువాత కూడా రెక్కలను ముందుకూ వెనక్కూ కదిపే వీలుంది, మొదటి నెలలో ఆ వినోదం నేనూ బాగానే అనుభవించాను. రెక్క కదిలిన ప్రతిసారీ దాని పైతలం వీపు కిందికి దూరి రాసుకుంటుంది కాబట్టి, ఎంత గట్టి పూత వేసినా విల్లులా వంగిన గీతలు పడతాయి. వేసవి సెలవుల్లో వచ్చిన మా తమ్ముడి పిల్లలు ఒక మధ్యాహ్నమంతా రెక్కలు ఆడించి, చివరికి “ఇది బీచ్ రోడ్డులో ఉన్న విమానమేనా పెదనాన్నా?” అని అడిగారు. విశాఖలో పెరిగే పిల్లలకు నౌకాదళ విమానమంటే అక్కడ నిలిపిన టీయూ-142. నాలుగు ఇంజిన్లకు ఎనిమిది ప్రొపెల్లర్లున్న ఆ మహాకాయాన్నీ దీన్నీ ఒకటి అనుకోవడం నా రంగు పనికి అంత మంచి కితాబు కాదు. ఆ తరువాత నేను రెండు రెక్కలనూ లోపలి నుంచి చుక్క జిగురుతో కదలకుండా చేసేశాను.

ఏ సంవత్సరపు విమానం కావాలన్నదే ఈ ఎంపికలో చాలామంది దాటేసే ప్రశ్న. టామ్‌క్యాట్ 1970 డిసెంబరు 21న తొలిసారి ఎగిరింది, 1974లో నౌక మీద సేవలోకి వచ్చింది, 2006 సెప్టెంబరులో అమెరికా నౌకాదళం నుంచి సెలవు తీసుకుంది. ఆ మూడు దశాబ్దాల్లో దాని ముఖం మారుతూనే వచ్చింది. మొదటి విమానాలకు గడ్డం కింద, అంటే ముక్కు అడుగున, చిన్న పరికరమే ఉంటుంది. 1980లలో దూరపు లక్ష్యాన్ని చూపే టీవీ కెమెరా గొట్టం వచ్చింది. డి రకానికి వచ్చేసరికి గడ్డం కింద పక్కపక్కనే రెండు గొట్టాలు. ఫిరంగి దగ్గర మొదట్లో వరుసగా ఉన్న గాలి చీలికలు తరువాత వేరే ఆకారానికి మారాయి. బి, డి రకాల్లో ఇంజిన్లే మారిపోయాయి కాబట్టి తోక చివర ఇంజిన్ మంట వెలువడే నాజిల్స్ కూడా వేరు. రంగులు సరేసరి: మొదట నిగనిగలాడే లేత బూడిద మీద తెల్లని అడుగు భాగం, తరువాత అంతా బూడిద, 1980లలో మెరుపు లేని మసక బూడిదలు. పుర్రె గుర్తున్న నల్లని తోక నచ్చి వీఎఫ్-84 దళపు డెకాల్స్ (నీటిలో తడిపి అతికించే గుర్తులు) విడిగా తెప్పించి, వాటి సంవత్సరానికి పొసగని గడ్డంతో హసెగావా విమానానికి అతికించిన ఘనత నాది. ఎదుటివారెవరూ గుర్తించలేదు, నాకు మాత్రం పన్నెండేళ్లుగా అదే కనిపిస్తోంది.

ఆ డెకాల్స్ సంగతి మరో పాఠం. అవి చాలాకాలం ఎవరి గోదాములోనో మూలిగిన షీటు. తెలుపంతా లేత పసుపుకు తిరిగి వచ్చింది. పారదర్శకమైన కవరులో పెట్టి కిటికీ అద్దానికి రెండు వారాలు అతికిస్తే ఎండకు చాలావరకు తెల్లబడింది. ఇది నేను కనిపెట్టినదేమీ కాదు, పాతకాపులందరికీ తెలిసిన చిట్కానే. కాని మెరుపు లేని రంగు మీద నేరుగా అతికించడంతో అడుగున గాలి చిక్కుకుని వెండి పొరలా మెరిసింది. 2019లో మేము విశాఖకు తిరిగి వచ్చాక సముద్రపు తేమకు ఆ అంచులు మెల్లగా లేవడం మొదలైంది. టమియా విమానానికి ముందు నిగారింపు పూత, ఆపైన డెకాల్, దానిపైన మళ్ళీ పూత వేశాను. అదే గదిలో, అదే తేమలో ఒక్క అంచు కూడా లేవలేదు. టమియా డెకాల్స్ కాస్త మందమన్న పేరుంది, మెత్తబరిచే ద్రావణం వాడక తప్పదు. తెల్లని అడుగు భాగం మాత్రం మొదటి విమానానికి ఇప్పుడు మీగడ రంగుకు తిరిగింది, నేను దానిపై వేసిన పాత ఎనామిల్ పూత వల్ల. తరువాతి రెంటికీ యాక్రిలిక్ పూతే వాడాను, వాటి రంగు మారలేదు.

మొదటి విమానపు కానోపీ, అంటే సిబ్బంది కూర్చునే చోటి మీది అద్దపు మూత, లోపల కూడా నా చేతివాటమే కనిపిస్తుంది. సూపర్ గ్లూతో అతికించడం వల్ల ఆ ఆవిరికి అద్దం లోపల తెల్లని మంచు పట్టింది. అప్పటి నుంచి అద్దం ముక్కలన్నిటికీ వడ్రంగులు వాడే తెల్ల జిగురే వాడుతున్నాను.

మూడోదైన 2022 నాటి కిట్టులో విమానంతో పాటు డెక్కు ముక్క, సిబ్బంది బొమ్మలు, ఎగరబోయే ముందు కుదించుకుపోయిన ముందు ల్యాండింగ్ గేర్ వస్తాయి. విమానం ముక్కు వంచి దూకబోయే పులిలా ఉండే ఆ భంగిమ మిగతా రెంటికీ లేని జీవం దీనికి ఇచ్చింది. అతుకుల తీరు మొదటి టమియా వంటిదే కాబట్టి మళ్ళీ చెప్పను. ఎగరబోయే విమానానికి రెక్కలు చాచే ఉండాలి, కింద డెక్కు ముక్క కూడా ఉండాలి, అందువల్ల ఇది నా అరల్లో ఎక్కడా పట్టలేదు. నెలకోసారి మెత్తని కుంచెతో దుమ్ము దులుపుతూ ఒక సన్నని యాంటెన్నా విరగ్గొట్టాను. అద్దాల పెట్టె చేయించకుండా దీన్ని కొనవద్దు.

డి రకమే కావాలనుకునేవారికి టమియా 2018 కిట్టూ, ఫ్లాపులు దించే వీలున్న ఏఎంకే సంస్థ కిట్టూ ఉన్నాయి. నేను కట్టనివి కాబట్టి వాటి మంచిచెడ్డలు చెప్పను. మొదటిసారి టామ్‌క్యాట్ కట్టేవారు, 1970ల నాటి బూడిద, తెలుపు రంగులు ఇష్టపడేవారు, రెక్కలు మడిచి పెట్టుకునేవారు 2016 టమియా తీసుకుంటే ఇక వెనక్కి చూడనక్కరలేదు. హసెగావా తక్కువ ధరకు కనబడితే, అరగదీయడం శిక్ష అనుకోనివారు, పుట్టీకి నెల రోజులు ఆరే గడువు ఇవ్వగలవారు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. మెడ దగ్గర గాడి పడ్డ నా పాత విమానాన్ని ఈ వర్షాకాలం వెళ్ళాక కిందికి దించి, ఆ సంధిని మళ్ళీ గీకి, ఈసారి రేకు దూర్చి సరిచేయాలనుకుంటున్నాను. ఆ పనిలో గడ్డం కింద గొట్టం కూడా సంవత్సరానికి తగ్గట్టు మారుస్తాను.