కోజీ మిస్టరీకి ఎవరి గొంతు మేలు?

ఊళ్లో హత్య జరుగుతుంది, నెత్తురు మాత్రం కనబడదు. పోలీసుల కంటే ముందు పక్కింటి పెద్దావిడ ఆరా తీస్తుంది. చివరికి ఊరు కుదుటపడుతుంది. ఇలాంటి కోజీ మిస్టరీని తెలుగులో రాయాలనుకునేవాళ్లు హంతకుడి కంటే ముందు కథ చెప్పే మనిషిని తేల్చుకోవాలి. ఆరా తీసే ఆవిడే 'నేను' అంటూ చెప్పొచ్చు. ఆమె పక్కనున్న ఇంకొకరు చెప్పొచ్చు. లేదా రచయితే ఆమె, ఆయన అంటూ నడపొచ్చు.

మొదటి పద్ధతి అమెరికా కోజీల్లో బాగా కనిపిస్తుంది. బేకరీ నడిపే ఆవిడో పుస్తకాల షాపావిడో తన కథ తానే చెబుతుంది, చదివేవారికి దగ్గరైపోతుంది. చిక్కల్లా ఆఖర్లో. హంతకుడెవరో ఆమెకు తట్టాక, నలుగురిలో బయటపెట్టేదాకా ఆ సంగతి మన దగ్గర దాచాలి. అప్పటిదాకా మనసులో మాటంతా చెప్పిన మనిషి ఉన్నట్టుండి నోరు కట్టేసుకుంటే నాకు మోసపోయినట్టే ఉంటుంది. ఇంగ్లండ్ డిటెక్టివ్ రచయిత్రి అగాథా క్రిస్టీ కూడా, ఊళ్లో ఆరా తీసే పెద్దావిడ మిస్ మార్పుల్ నవల ఒక్కటీ మార్పుల్ నోట చెప్పించలేదు.

రచయితే నడిపితే ఎవరి ఇంట్లోకైనా వెళ్లొచ్చు. 1942లో వచ్చిన మార్పుల్ నవల 'ది బాడీ ఇన్ ది లైబ్రరీ' అలా రాసిందే. కానీ తెలుగులో ఈ దారిలో ఒక గొయ్యి ఉంది. వాడు, అతను, ఆయన: ఏది రాసినా ఆ మనిషి మీద రచయిత అభిప్రాయం చెప్పేసినట్టే. నా కోజీ నవల మొదటి ప్రతి ఇలాగే రాశాను. గుడి కమిటీలో అందరినీ 'ఆయన' అని, కాంట్రాక్టరును మాత్రం తెలియకుండానే 'అతను' అన్నాను. హంతకుడు అతనేనని మా వదిన రెండో అధ్యాయంలోనే పట్టేసింది. హంతకుణ్ణి 'ఆయన' అంటే సరిపోదా అంటారేమో. సరిపోతుంది, కానీ ఆ గౌరవం నాది కాదు కనుక అబద్ధం చెప్పినట్టుంటుంది.

క్రియలదీ ఇదే గోల. 'చీకట్లో తలుపు తీసింది' అని రాస్తే మగవాళ్లందరూ అనుమానం నుంచి తప్పుకున్నట్టే. 'ఎవరో తీశారు' అంటే ఆడా మగా తెలియదు. 'నీడ కదిలింది' ఇంకా మేలు, నీడకూ ఆడమనిషికీ క్రియ ఒక్కటే కాబట్టి. అయితే పుస్తకమంతా నీడలతో నింపలేం.

అందుకే నా ఓటు పక్కమనిషికి. మార్పుల్ తొలి నవల, 1930 నాటి 'ది మర్డర్ ఎట్ ది వికరేజ్', అలాగే ఉంటుంది. సెయింట్ మేరీ మీడ్ అనే ఊళ్లో చర్చి గురువు కథ చెబుతాడు, మార్పుల్ ఆయన పొరుగింట్లో ఉంటుంది. హత్య జరిగింది ఆయన చదువుకునే గదిలోనే. ఊళ్లో కష్టసుఖాలన్నీ గురువు గడపకే వస్తాయి కనుక, సమాచారం కోసం ఆయన ఎక్కడెక్కడో తిరిగినట్టు కల్పించక్కర్లేదు. ఆ పుస్తకం నుంచి నేర్చుకోవాల్సింది ఇదే: నలుగురూ వచ్చిపోయే చోట ఉన్నవారిని ఎంచుకోవాలి. మన ఊళ్లలో ఆర్ఎంపీ డాక్టరు, టైలరు, కిరాణా కొట్టావిడ. వీళ్ల నోట రాయలసీమ యాసైనా తెలంగాణ యాసైనా పుస్తకం పొడుగునా నిండుగా పలుకుతుంది.

ఒక్క జాగ్రత్త. 1929లో ఇంగ్లండ్ రచయిత రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. వాటిలో ఒకటి, డిటెక్టివ్ వెంట ఉండే స్నేహితుడు తన మనసులో మెదిలినదేదీ దాచకూడదని, తెలివిలో మామూలు పాఠకుడి కంటే రవ్వంత మాత్రమే తగ్గి ఉండాలని. ఆ రవ్వంత చాలా ముఖ్యం. మరీ అమాయకురాలైతే చదివేవారికి విసుగు.

పక్కమనిషి పొరపడితే అది ఆమె పొరపాటు, రచయిత అబద్ధం కాదు. వరసలు కూడా ఆమెవే. రెండో ప్రతిలో కథంతా కిరాణా కొట్టు లక్ష్మి చేత చెప్పించాను. ఆమెకు ఆ కాంట్రాక్టరు చిన్నప్పటి నుంచీ 'బాబాయ్', నెలనెలా ఖాతా తీర్చే మంచి మనిషి. ఈసారి మా వదిన పద్నాలుగో అధ్యాయం దాకా బాబాయిని అనుమానించలేదు.