కొండపల్లి బొమ్మ కొనేటప్పుడు రంగు కాదు, కర్ర చూడండి

ఈ సంక్రాంతి కొలువుకి కొండపల్లి బొమ్మల కాలనీలో ఒక చెట్టు బొమ్మ కొన్నాను. కింద వేణువు ఊదే కృష్ణుడు, రెండు ఆవులు, పైన గొడుగులా పరుచుకున్న పొన్నచెట్టు. జానెడున్నర ఎత్తుంటుంది. తొమ్మిది వందలు చెప్పారు, బేరమాడకుండా ఇచ్చేశాను. ఎందుకో చెబుతాను.

ముందు బొమ్మ సంగతి. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. అంత బొమ్మ ఇంత తేలిగ్గా ఉందంటే అది తెల్ల పొణికి, అంటే ఈ బొమ్మలు చెక్కే తేలికపాటి కర్ర. తిరగేసి చూస్తే అడుగున రంగు లేదు, పాలిపోయిన తెల్లటి కర్ర, గోటితో నొక్కితే గుంట పడేంత మెత్తన. ఆవు కొమ్ములు, చెవులు, కృష్ణుడి చేతులు, ఆకుల గుత్తులు అన్నీ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించారు. ఎడమవైపు ఆవు మెడ దగ్గర ఆ అతుకు వేలికి తగులుతుంది కానీ కంటికి కనపడదు. ఆ ఆవు కంటికి పైన ఒకే ఒక్క నల్ల గీత. సన్నగా మొదలై మధ్యలో లావై మళ్లీ సన్నబడింది. ఆ గీతతోనే ఆవు పాటకు సగం కళ్లు మూసుకున్నట్టుంది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

నచ్చనిది కూడా ఉంది. కృష్ణుడి పంచెకు ఎనామిల్ పసుపు వేశారు, మరీ మెరుస్తోంది. నీటిరంగులు వేసిన పాత బొమ్మల నిదానం దీనికి లేదు. పైగా వార్తాపత్రికలో చుట్టి కవర్లో వేసి ఇచ్చారు. బస్సు బెజవాడ చేరేలోపు ఒక ఆకుల గుత్తి ఊడింది. ఇంత సున్నితమైన పనికి అట్టపెట్టె ఇవ్వకపోవడం తప్పు.

"ఇది పొణికేనా బాబాయ్?" అని అడిగితే కొట్టాయన కింది అర చూపించారు. "పైవన్నీ పొణికేనమ్మా. ఇవి వేరే కర్ర, పొణికి అందక చేసినవి. బరువుంటాయి, ధర తక్కువ." రంగులేశాక రెండూ ఒకేలా ఉన్నాయి. నేను అడిగినదానికి ఆయన దాచకుండా చెప్పారు. అందుకే బేరమాడబుద్ధి కాలేదు.

పొణికి ఎందుకు అందడం లేదన్నదే అసలు విషయం. ఎండు కొండల్లో రాళ్ల మధ్య పెరిగే చెట్టు ఇది. ఇందులో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. రెండూ దగ్గర్లో ఉంటేనే కాయ. గింజ పెంకు గట్టిది, వేసినవన్నీ మొలవవు. కొట్టడం ఒక పూట పని, మళ్లీ పెరగడానికి ఏళ్లు కావాలి. దానికి తోడు కొండపల్లి చుట్టూ గ్రావెల్ తవ్వకాలు. కొండే పోతే మొక్క ఎక్కడ నాటుతాం? నిర్మల్ బొమ్మలు చేసేదీ ఈ పొణికితోనే, కాబట్టి ఇది ఒక్క ఊరి బాధ కాదు.

లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక వాళ్లకు అంకుడు కర్ర ఈ విషయంలో కొంత నయం. నరికిన మోడు మళ్లీ చిగురేస్తుంది. అక్కడ లక్కకు సహజ రంగులు కలిపే పనిని నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. రంగుల మీద పెట్టినంత శ్రద్ధ కొండపల్లిలో కర్ర మీద పెట్టాలి. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది, సంతోషమే, కానీ ఆ ముద్ర ఊరిని చెబుతుంది, కర్ర కోసం కొట్టిన చెట్టు స్థానంలో ఇంకోటి నాటారో లేదో చెప్పదు. ప్రతి బొమ్మ ధరలో పొణికి మొక్కకని ఓ ఇరవై రూపాయలు విడిగా రాసి తీసుకుంటే నేను ఆనందంగా ఇస్తాను. నాలాంటివాళ్లు చాలామందే ఉంటారు.

కొనాలనుకునేవాళ్లు ఆన్‌లైన్‌లో కాకుండా కొండపల్లికే వెళ్లి కొనండి, చేతిలో పట్టుకుంటే గానీ కర్ర తేడా తెలియదు. పొణికి బొమ్మలే కావాలని నోరు తెరిచి అడగండి. వేరే కర్రవి పిల్లలు ఆడుకోవడానికి బాగానే ఉంటాయి, వాటినీ తీసిపారేయక్కర్లేదు. పొద్దున్నే వెళితే అరుగుల మీద చెక్కుతూ కనిపిస్తారు. అట్టపెట్టె, పాత దుప్పటి ఒకటి వెంట తీసుకెళ్లండి.