బుడమేరు నీళ్లలో మునిగిన మా వ్యాగనార్, 86 రోజుల క్లెయిమ్

మా కారు ఇన్సూరెన్స్ కంపెనీకి ఐదుకి రెండు స్టార్లు ఇస్తున్నాను. ఆ రెండూ చివరికి డబ్బు పూర్తిగా ఇచ్చినందుకు. మిగతా మూడూ ఎందుకు తీసేశానో చెబితే ఇంకొకరికి పనికొస్తుంది.

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో ఉన్న మా వ్యాగనార్ అద్దాల దాకా మునిగింది. నాన్నని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లడానికని 2021 మార్చిలో లోన్ పెట్టి కొన్న బండి అది.

ఫోన్‌లో కాస్త ఛార్జింగ్ ఉండగానే, 3వ తేదీన మెట్ల మీద నిలబడి వీడియో తీసి క్లెయిమ్ పెట్టాను. నీళ్లు తగ్గాక మా తమ్ముడు ఒకటే మాట అన్నాడు: "అక్కా, సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు." నీళ్లు చేరిన ఇంజిన్ తిప్పితే లోపల రాడ్లు వంగిపోతాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ (అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవర్) లేకపోతే ఆ ఖర్చు కంపెనీ ఇవ్వనంటుంది. మాకు అది లేదు, విడిభాగాల పాతదనానికి డబ్బు కోయకుండా ఇచ్చే జీరో డెప్ ఒక్కటే ఉంది. తాళం తిప్పకుండా టోయింగ్ బండి ఎక్కించాం.

నష్టం లెక్కగట్టే సర్వేయర్ ఎప్పుడొస్తారని కస్టమర్ కేర్‌ని అడిగితే రోజూ "48 గంటల్లో మేడమ్" అనేవాళ్లు. సబ్ కలెక్టర్ ఆఫీసులో ప్రభుత్వం పెట్టిన క్లెయిముల కేంద్రానికి రెండుసార్లు వెళ్తే గానీ తేదీ దొరకలేదు. సర్వేయర్ 19న వచ్చారు. పావుగంటలో ఫోటోలు తీసుకుని వెళ్లిపోయారు.

వర్క్‌షాప్ ఇచ్చిన ఎస్టిమేట్ 2,96,000. మా పాలసీలో బండి ఐడీవీ, అంటే బండి పూర్తిగా పోతే లెక్కలోకి తీసుకునే విలువ, 3,42,000. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్‌గా, అంటే పూర్తిగా పోయినట్టే లెక్కగట్టాలి. మాకు ఆ గీత 2,56,500. సర్వేయర్ లెక్క 2,31,000 దగ్గర ఆగింది. టోటల్ లాస్ కాదు, రిపేరు చేయించుకోండి అని మెయిల్ వచ్చింది.

ఇక్కడే నాకు నిజంగా బాధేసింది. అసెస్‌మెంట్ కాపీ అడిగి తెప్పించుకుని, ఎస్టిమేట్ పక్కన పెట్టుకుని వరుసగా చూశాను. వైరింగ్ సెట్, ఇంజిన్ కంప్యూటర్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్, ఈ మూడింటికీ కొత్తవి కొట్టేసి "క్లీనింగ్" అని రాశారు. నీళ్లు సీటు వరకే వచ్చాయట. మర్నాడు వర్క్‌షాప్‌కి వెళ్లాను. మెకానిక్ డ్రైవర్ సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగి చూపించాడు. పైన కొంచెం శుభ్రంగా ఉంది, లోపల చుట్టుకుని ఉన్న బెల్టంతా బూడిద రంగు బురద, ఎండి పొడిలా రాలుతోంది. బెల్టు చుట్ట ఉండేది పక్క స్తంభంలో, దాని లోపలికీ నీళ్లు దూరాయని చెయ్యి పెట్టి చూపించాడు. స్టీరింగ్ కింద ఫ్యూజు పెట్టె తెరిస్తే పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము. అన్నీ వీడియో తీశాను.

తర్వాత వర్క్‌షాప్ మేనేజర్ గారిని ఒక్కటే అడిగాను: "కడిగి బిగిస్తే ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుందని రాసిస్తారా?" ఆయన రాసివ్వలేమన్నారు. "ఆ మాటే రాసివ్వండి" అన్నాను. లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు ఇచ్చారు. ఆ కాగితం, వీడియో కలిపి కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి పంపాను. నెలలో తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే, హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తానని కూడా రాశాను. ఫోన్లలో ఎన్నిసార్లు బతిమాలినా కదలని ఫైలు పది రోజుల్లో కదిలింది. మళ్లీ సర్వే జరిగింది. ఈసారి లెక్క 2,74,000 వచ్చింది, టోటల్ లాస్ ఒప్పుకున్నారు.

బండి మీరే ఉంచుకోండి, తుక్కు విలువ 60,000 తగ్గించి ఇస్తాం అని కూడా అడిగారు. వద్దన్నాను. ఆ బండిలో నాన్నని మళ్లీ కూర్చోబెట్టలేను. తర్వాత ఆర్‌సీ, సంతకాలు పెట్టిన ఫారాలు, బ్యాంకు కాగితాలు, రెండు తాళాలు అడిగారు. రెండో తాళం బీరువా కింది అరలో, తడిసి ముద్దయిన కాగితాల కింద దొరికింది.

నవంబరు 28న డబ్బు పడింది. పాలసీ ప్రకారం మేమే భరించాల్సిన వెయ్యి మినహాయించి 3,41,000. అందులో లోన్ బాకీ 1,18,000 నేరుగా బ్యాంకుకి పోయింది, మాకు 2,23,000 మిగిలింది. అదే ఏడాది మార్చిలో, వరదకి ముందు రెన్యువల్ అప్పుడు, ఐడీవీ తగ్గిస్తే ప్రీమియం కలిసొస్తుందని ఏజెంట్ చెప్పాడు. నాన్న ఒప్పుకోలేదు. ఆ రోజు ఆయన మాట వినకపోయుంటే మా చేతికి వచ్చేది ఇంకా తగ్గేది.

జనవరిలో సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్లాం. అమ్మేవాళ్లు బానెట్ ఎత్తబోతుంటే ఆగమని, ముందు నాలుగు సీటు బెల్టులూ చివరిదాకా బయటికి లాగి చూశాను.