1500 వాట్ల హీటర్ రాడ్డు: డెల్టా బోరు నీళ్లకి ఆగుతుందా?

ఇది నికెల్ పూత వేసిన రాగి గొట్టం రాడ్డు. 16 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గు, ఐఎస్ 368 నంబరుతో ఐఎస్ఐ గుర్తు ఉన్నాయి. కొనొచ్చు. కాకపోతే మన నీళ్లకి, మన కరెంటుకి తగ్గట్టు వాడాలి.

ఇరవై లీటర్ల బకెట్టులో 25 డిగ్రీల నీళ్లు 45కి రావాలంటే దాదాపు 1,675 కిలోజౌళ్ల వేడి కావాలి. 230 వోల్టులుంటే పంతొమ్మిది నిమిషాలు, కరెంటు అర యూనిట్టు లోపే. కానీ భీమవరం, ఆకివీడు వైపు తెల్లారుజామున, చేపల, రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లు గట్టిగా తిరుగుతుంటాయి. ఇల్లు అదే లైను చివర ఉండి వోల్టేజీ 190కి దిగిందంటే 1500 వాట్ల రాడ్డు 1,025 వాట్లే ఇస్తుంది. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే వేడి మూడో వంతు తగ్గిపోతుంది మరి. అప్పుడు ఇరవై ఏడు నిమిషాలు పడుతుంది. అది రాడ్డు తప్పు కాదు.

దీని చుట్ట బకెట్టు అడుగుదాకా దిగుతుంది, అందుకే మార్కులు ఎక్కువ వేస్తాను. వేడెక్కిన నీళ్లు పైకే పోతాయి, చుట్ట కిందవి కదలవు. పొట్టి రాడ్లు పెడితే పైన చురుక్కుమంటుంది, అడుగున బెత్తెడు చల్లగానే ఉంటుంది. ఏ రాడ్డయినా ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి.

అసలు పరీక్ష బోరు నీళ్లు. కాలవ నీళ్లతో ఇంత బాధ లేదు. కోనసీమలో సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు కాస్తే గొట్టం మీద తెల్లటి సున్నపు పెచ్చు కడుతుంది. దానివల్ల బిల్లు పెరుగుతుందంటారు కానీ, మునిగున్న రాడ్డు వేడి ఎలాగూ నీళ్లలోకే పోతుంది. దెబ్బ తగిలేది లోపల వేడెక్కే నైక్రోమ్ తీగకి. పెచ్చు వేడిని సరిగ్గా బయటికి వదలదు కాబట్టి తీగ అతిగా కాగి తెగిపోతుంది. తీగకీ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. అది వేడిని పోనిస్తుంది, కరెంటుని ఆపుతుంది. గొట్టం చిల్లిపడి పొడికి చెమ్మ తగిలితే ఆ ఆపడం పోయి షాకు కొడుతుంది. ఉప్పు నీళ్లలో మరీ ప్రమాదం. పెచ్చుని చాకుతో గీకితే పూత లేచిపోతుంది. సగం వెనిగరు, సగం నీళ్లు కలిపి అరగంట నానబెట్టి పీచుతో తోమితే చాలు. పిడిలోకి మాత్రం తడి పోనివ్వకండి.

ఇది లాగేది ఆరున్నర ఆంపియర్లు. 6 ఆంపియర్ల బోర్డుకి కన్వర్టరు తగిలించి వాడొద్దు. సాకెట్టు లూజై అర ఓము అడ్డు వచ్చినా అక్కడే 21 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్‌కి 25 వాట్లే! ప్లగ్గు కరిగేది అందుకే.

థర్మోస్టాట్ లేదు, నీళ్లు మరిగినా తనంతట తను ఆగదు. ప్లగ్గు వైరు కూడా పొట్టి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు), సరైన ఎర్తు ఉన్న ఇంట్లోనే వాడాలి.

కొట్లోనే మల్టీమీటరు పెట్టించండి. రెండు చిన్న పిన్నుల మధ్య 35 ఓములకి అటూఇటూ చూపాలి. చిన్న పిన్నుకీ లావు ఎర్తు పిన్నుకీ మధ్య ఏమాత్రం రీడింగు వచ్చినా ఆ పీసు వద్దని ఇంకోటి అడగండి.